పాటిమట్టి దారిలో మూడు రోజులు

మా సింగ్‌నగర్ ఇంట్లో ఫ్రిజ్ వెనక గోడ మీద ఒక గీత ఉంది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వచ్చి పోయిన గుర్తు అది. మిగతా గోడలన్నిటికీ రంగులు వేయించాం గానీ, ఫ్రిజ్ జరపడానికి బద్ధకించి ఆ ఒక్కచోట వదిలేశాం. సంక్రాంతి తర్వాత ఒక పెళ్ళికని బెజవాడ వచ్చిన మావయ్య మంచినీళ్ళ సీసా కోసం వెళ్ళి ఆ గీత చూశాడు. పక్కన నిలబడి కొలుచుకున్నాడు. ఆయన నడుము దాటి ఉంది.

"ఏరా, ఏటి దారిలో కాపరం పెట్టి, ఏరొచ్చిందని ఏడిస్తే ఎట్టా?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఇల్లు కొనేటప్పుడు లోను వస్తుందా రాదా అన్న టెన్షన్ తప్ప బుడమేరు సంగతి ఎవరికి గుర్తుంటుంది? కానీ ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. బుడమేరు ఎప్పుడూ కొల్లేటికే పోతుంది. మనమే దాని దారిలో వీధులు వేసుకుని, వాటికి పేర్లు పెట్టుకున్నాం.

"పాతోళ్ళ ఊళ్ళు ఒక్కటన్నా పల్లంలో ఉన్నాయేమో చూడు. అన్నీ దిబ్బల మీదే. మావైపు రా, చూపిస్తా" అన్నాడు మావయ్య. ఆయనది రెంటచింతల దగ్గర పల్లెటూరు. వేసవిలో ఎండల లెక్కలు చెప్పేటప్పుడు టీవీలో తప్పకుండా వినిపించే పేరు. వరద గీత ఉన్న ఇంటి నుంచి ఎండకి పేరుపడ్డ ఊరికి వెళ్ళడం బాగానే ఉంటుందనిపించింది. ఫిబ్రవరి ఆఖరులో ఆయన మళ్ళీ ఏదో పని మీద బెజవాడ వస్తే, తిరుగు ప్రయాణంలో నా పాత కారులో ఇద్దరం బయల్దేరాం. ఒక గురువారం పొద్దున్నే.

ప్రకాశం బ్యారేజీ మీద ట్రాఫిక్ ఆగింది. 70 గేట్లూ మూసి ఉన్నాయి. ఎగువన నీళ్ళు అద్దంలా ఉన్నాయి, దిగువన ఇసక మేటలు. 2024 సెప్టెంబర్ 2న ఇక్కడ పదకొండు లక్షల నలభై మూడు వేల క్యూసెక్కులు దాటి పోయిందంటే ఆ ఇసకని చూసినవాడెవడూ నమ్మడు. ఇప్పుడున్న బ్యారేజీ 1957లో వచ్చింది. దానికి ముందు 1855లో పూర్తయిన ఆనకట్ట ఉండేది. ఆ ఆనకట్ట రావడానికి వెనక ఒక కరువుంది. 1832–33, నందన నామ సంవత్సరం. డొక్కల కరువు అంటారు. ఐదు లక్షల మంది ఉన్న గుంటూరు జిల్లాలో లక్షన్నరకు తగ్గకుండా పోయారు. మావయ్యకి వాళ్ళ నాయనమ్మ చెప్పిందట, ఆమెకి ఇంకెవరో చెప్పారట: రోడ్డు పక్కన పడి ఉన్నవాళ్ళకి డొక్కలు లెక్కపెట్టేలా ఉండేవని.

డెల్టా అంటే అనాదిగా వరి పొలాలే అనుకునేవాణ్ణి. ఈ పచ్చదనం చాలామటుకు నూటడెబ్భై ఏళ్ళదే. అంతకు ముందు ఇక్కడి రైతు కృష్ణ ఒడ్డున ఉండి కూడా ఆకాశం వంకే చూసేవాడు.

ఉండవల్లి గుహల దగ్గర పావుగంట ఆగాం. కొండని తొలిచి నాలుగు అంతస్తులు కట్టినవాళ్ళు ఏటికి ఎంత దూరంలో, ఎంత ఎత్తులో ఉండాలో తెలిసే కట్టారు. పడుకుని ఉన్న అనంతపద్మనాభుడికి మావయ్య దండం పెట్టుకుని, పై అంతస్తు నుంచి అరటి తోటలు చూసి, "ఈ నేల బంగారంరా" అన్నాడు. అంతకు మించి అక్కడ మాకు పనిలేదు.

తుళ్ళూరు మీదుగా వెళ్తూ ఆయనకి నేను ఈ మధ్య చదివిన ఒక సంగతి చెప్పాను. 2006లో మన తీరం ఎదుట, సముద్రం అడుగున గ్యాస్ నిల్వల కోసం ఒక ఓడ తవ్వకాలు చేసింది. గోదావరి నోటికి ఎదురుగా ఒకచోట పైకి తీసిన బురద తర్వాత శాస్త్రవేత్తల చేతికి వచ్చింది. నది వేల ఏళ్ళుగా ఆకులూ అలములూ మోసుకొచ్చి అక్కడ పొరలు పొరలుగా పరుస్తోంది. ఆకు కుళ్ళిపోయినా దాని మీది మైనం పోదు. చెట్ల ఆకు మైనంలోని కర్బనానికీ, ఎండని తట్టుకునే గడ్డిజాతుల మైనంలోని కర్బనానికీ తేడా ఉంటుంది. ఏ పొరలో ఏది ఎక్కువుందో చూస్తే, గోదావరి పారే నేలంతా ఎప్పుడు తడిగా ఉందో, ఎప్పుడు ఎండిందో తెలుస్తుంది. 2012లో ఆ లెక్క బయటపెట్టారు. సుమారు నాలుగు వేల ఏళ్ళ కిందట మొదలై, 1,700 ఏళ్ళ కిందటి దాకా ఎండకు ఓర్చే మొక్కలు పెరుగుతూ వచ్చాయి. ఆ తర్వాత నేల అలా ఎండుగానే ఉండిపోయింది.

"అంటే గోదారిలో కొట్టుకుపోయిన చెత్తలో వానల లెక్క దొరికిందన్నమాట" అన్నాడు మావయ్య. నేను పది నిమిషాలు చెప్పింది ఆయన ఒక్క ముక్కలో చెప్పేశాడు.

నన్ను పట్టుకున్నది మాత్రం ఇంకో సంగతి. వానలు తగ్గుతున్న ఆ కాలంలోనే సింధు నది వైపు పెద్ద పెద్ద పట్నాలు ఖాళీ అయ్యాయి. మన దక్కనులో మాత్రం స్థిరంగా ఉండి వ్యవసాయం చేసే పల్లెలు పెరిగాయి. అక్కడ కూలదోసిన ఎండ ఇక్కడ ఎలా నిలబెట్టింది? మావయ్య దానికి వెంటనే జవాబు చెప్పలేదు. సీటు వెనక్కి వాల్చి కునుకు తీశాడు.

అమరావతిలో స్తూపం, మ్యూజియం చూశాం. అది ఎంతోమంది రాసిందే కాబట్టి వదిలేస్తున్నాను. అక్కడికి కూతవేటు దూరంలో ఉన్న ధరణికోట గురించి మాత్రం చెప్పాలి. పాత పేరు ధాన్యకటకం. పేరులోనే గింజ ఉంది. ఇప్పుడు చూడ్డానికి మట్టి గట్లు, మధ్యలో పొలాలు, ముళ్ళకంపలు. 1962–65 మధ్య ఇక్కడ తవ్వితే, కృష్ణలోంచి పడవలు లోపలికి రావడానికి గరుసునేల తొలిచి తీసిన కాలువ బయటపడింది. పడవలు ఆగడానికి మొదట కలపతో రేవు కట్టారు, తర్వాత ఇటుకలతో మళ్ళీ కట్టారు. నది ఒండ్రు తెచ్చి మేట వేస్తూనే ఉంది. చివరికి కాలువ పూడిపోయింది, పడవలు రావడం ఆగింది. ఏరు జరిగినకొద్దీ మనిషీ జరిగాడు. సముద్రం వైపు వెళ్తే ఇదే కథ ఘంటసాలది. రెండో శతాబ్దపు గ్రీకు భూగోళ పండితుడు టాలెమీ కాలంలో రేవు, ఇప్పుడక్కడి నుంచి సముద్రం చూడాలంటే బస్సెక్కాలి.

గట్టు మీద నిలబడి మావయ్య చెప్పుతో మట్టి గీరాడు. బూడిదరంగు, మెత్తగా, మధ్యలో పెంకు ముక్కలు. "ఇది పాటిమట్టిరా" అన్నాడు. ఆ గొంతులో ఏదో సంతోషం. ఎందుకో మర్నాడు తెలిసింది.

సత్తెనపల్లి దాటాక టైరు పంచరైంది. స్టెప్నీలో గాలి లేదు. ఆ తప్పు పూర్తిగా నాదే. మావయ్య నన్నేమీ అనలేదు, అదే ఇబ్బందిగా ఉంది. పిడుగురాళ్ళ, గురజాల మీదుగా ఊరు చేరేసరికి రాత్రి తొమ్మిది. అత్తయ్య జొన్నరొట్టెలు, ఉలవచారు, పైన వెన్న పెట్టింది. బెజవాడ హోటళ్ళలో ఉలవచారుని చిన్న గిన్నెలో పోసి, మీగడ వేసి, పెద్ద ఘనంగా తెచ్చిపెడతారు. ఇక్కడ చెంబుతో పోశారు.

"ఉలవలు మన చేలోవేనా అత్తయ్యా?"

"యాడివి! కిరాణా కొట్లో పాకెట్టు. మీ మావయ్య ఎద్దులు అమ్మినప్పటి నుంచి ఉలవ చల్లింది లేదు."

ఉలవచారు పుట్టిందే ఎద్దుల వల్ల. ఉలవలు ఉడికించి ఎద్దులకి పెట్టేవాళ్ళు, వార్చిన నీళ్ళు పారబొయ్యలేక చింతపండేసి మరిగించి మనుషులు తాగేవాళ్ళు. ఇప్పుడు ఎద్దులు పోయి ట్రాక్టర్ వచ్చింది. గింజ కొట్టుకి చేరింది, చారు హోటలుకి చేరింది.

మర్నాడు నాగార్జునకొండ వెళ్ళాలని మా ప్లాను. పొద్దున్నే స్నానం చేసి తయారయ్యాక గుర్తొచ్చింది, శుక్రవారం మ్యూజియం మూసి ఉంటుందని. మావయ్య పడీపడీ నవ్వాడు. "చదువుకున్నోడివి కదరా!" ఇక చేసేదేముంది, ఆయన వెంట చేలోకి వెళ్ళాను. ఈ మూడు రోజుల్లో నాకు బాగా గుర్తుండిపోయింది ఆ మూసిన రోజే.

కల్లంలో మిరపకాయలు ఎర్రటి దుప్పటి పరిచినట్టున్నాయి. ధర పడిపోయిన ఏడాది. మావయ్య వాటివైపు చూడటం కూడా తగ్గించాడు. గుంటూరు అంటే మిరప, మిరపంటే గుంటూరు అనుకుంటాం గానీ, ఈ కాయ అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువాళ్ళ ఓడలెక్కి మన దేశం వచ్చి ఐదొందల ఏళ్ళు దాటి ఉంటుందేమో, అంతే. నాలుగు వేల ఏళ్ళ కిందటి దక్కను రైతు మన కూర ఒక్క ముద్ద తింటే కళ్ళనీళ్ళు పెట్టుకుని లేచిపోతాడు. అతనికి బాగా తెలిసిన గింజ ఉలవ. నిన్న రాత్రి నేను తాగిన చారు ఒక్కటే అతనికి కాస్త నోటికి తగులుతుంది.

ఇదంతా ఎలా తెలిసిందని మావయ్య అడిగాడు. పాత ఊళ్ళ మట్టిని నీళ్ళలో వేసి కలియబెడతారు. మన్ను అడుక్కి పోతుంది, ఎప్పుడో పొయ్యిలో పడి మాడి బొగ్గయిన గింజలు పైకి తేలతాయి. వాటిని సన్నటి గుడ్డలోకి వడగట్టి, ఆరబెట్టి, భూతద్దం కింద ఏ గింజో చూస్తారు. దక్కనులో కొత్తరాతి యుగపు ఊళ్ళలో పదేపదే దొరికినవి నాలుగు: ఉలవ, పెసర, అండుకొర్ర, దానికి దాయాది లాంటి ఇంకో చిరు గడ్డిగింజ. నాలుగూ వానాకాలపు పంటలే. నాలుగూ ఈ ఎండు నేలల్లో అడవిలో పెరిగే మొక్కల్లోంచి మనిషి మచ్చిక చేసుకున్నవే. గోధుమ, బార్లీ ఉత్తరం నుంచి వచ్చి కొన్ని ఊళ్ళలో కనబడ్డాయి గానీ అవి చలికాలపు పంటలు, అప్పుడు నీళ్ళు కావాలి. ఆ నీళ్ళు అందరికీ ఎక్కడివి? వచ్చినా పక్కనే ఉండిపోయాయి. ఆ తర్వాత ఆఫ్రికా నుంచి జొన్న, సజ్జ, రాగి వచ్చాయి. తూర్పు నుంచి కంది వచ్చింది. ఉన్నవాటిని తీసేయకుండా, కొత్తవాటిని సాళ్ళ మధ్య ఇరికించారు.

"ఉలవ మంచుకే పండుద్దిరా" అన్నాడు మావయ్య. నిన్న కారులో నేనడిగిన ప్రశ్నకి అది జవాబని నాకు కాసేపటికి గానీ వెలగలేదు. "ముందు చల్లిన పంట పోయినా, వెనక వాన కాస్త పదును చేస్తే ఉలవ చల్లేవాళ్ళం. ఆ తర్వాత చినుకు పడకపోయినా పర్లేదు. గింజ రాకపోతే గడ్డన్నా వచ్చుద్ది. మనిషికి లేకపోతే గొడ్డుకి."

పట్నం నిలబడాలంటే మిగులు గింజ కావాలి, నిండు పంట కావాలి. పల్లెకి అక్కర్లేదు. పోయినంత పోగా మిగిలింది తిని, మిగిలినదాన్లోనే విత్తనం దాచుకుంటే చాలు. ఇది నా ఊహే, పండితులు వేరేగా చెప్పొచ్చు. కానీ ఆ చేలో నిలబడితే అలాగే అనిపించింది.

ఇంకో ఆసరా గొడ్లు. పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరు, అనంతపురం జిల్లా పాలవాయి, ఆ పక్కన బళ్ళారి చుట్టూ పెద్ద పెద్ద బూడిద దిబ్బలున్నాయి. అగ్నిపర్వతాలేమో అని ఒకప్పుడు వాదించుకున్నారు. 1957లో ఉట్నూరులో పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ తవ్వితే చుట్టూ దడి కట్టిన గుంజల గుర్తులు, బూడిదలో పశువుల గిట్టల అచ్చులు బయటపడ్డాయి. దొడ్లో పేరుకున్న పేడని కుప్పపోసి, మళ్ళీ మళ్ళీ కాల్చగా పెరిగిన దిబ్బలవి. పండగకి కాల్చారో, ఇంకెందుకు కాల్చారో గానీ, అంత పేడ ఉందంటే ఎన్ని గొడ్లు ఉండాలి! వాన లేని ఏడాది చేను కదలదు, మంద కదులుతుంది. గడ్డి ఎక్కడుంటే అక్కడికి తోలుకుపోవచ్చు.

"ఉత్తర చూసి ఎత్తర గంప అని ఊరికే అన్నారా" అన్నాడు మావయ్య. ఉత్తర కార్తె దాకా వాన కోసం చూడు, అప్పటికీ పడకపోతే గంప నెత్తికెత్తుకుని ఊరు విడిచిపో అని. ఈ మాట ఎన్నోసార్లు విన్నాను. పక్కనే వలస కూలీలు మిరపకాయలు ఏరుతుండగా వినడం అదే మొదటిసారి. వాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. చేను గట్టు మీద వాళ్ళ గంపలు, సత్తు గిన్నెలు, చీర ఉయ్యాల్లో ఒక పసిపిల్ల.

మధ్యాహ్నం ఆయన నన్ను ఊరి పడమటి చెరువు పక్కకి తీసుకెళ్ళాడు. అక్కడొక పల్లం. "ఇది పాటిదిబ్బ" అన్నాడు. దిబ్బ ఎక్కడుందని అడిగాను. "ఉండేది. మేమే తోలేశాం." పాతకాలపు ఊరు పాడుబడిన చోటు పాటి. వందల ఏళ్ళ పొయ్యిబూడిద, పేడ, ఎముకలు, చెత్త కలిసిన మన్ను కాబట్టి ఎరువుల కన్నా బలం. ఎండాకాలం బండ్లు కట్టి పొలాలకు తోలేవాళ్ళట. మట్టిలో పూసలు, కుండపెంకులు, చేతి మందం ఇటుకలు వచ్చేవట. పూసలతో పిల్లలు ఆడుకునేవాళ్ళు, ఇటుకలు దొడ్డిగోడకి పోయాయి. పురావస్తువాళ్ళు వింటే గుండెలు బాదుకుంటారు. ఎన్నో చారిత్రక దిబ్బలు ఇలాగే కరిగిపోయాయి. నాకూ బాధేసింది. కానీ ఎప్పటిదో ఒక ఊరు తిని పారేసిన చెత్త, వచ్చి మా మావయ్య జొన్నకి బలమైందంటే, ఆ ఊరివాళ్ళు మరీ కోపగించుకుంటారని మాత్రం అనుకోను.

శనివారం మాచర్ల మీదుగా, నాగార్జునకొండకి లాంచీ ఎక్కే విజయపురి సౌత్ చేరాం. సరిపడా జనం వచ్చేదాకా లాంచీ కదలదన్నారు. గంటన్నర కూర్చున్నాం. స్కూలు పిల్లల బస్సు ఒకటి వచ్చి మమ్మల్ని ఆదుకుంది.

లాంచీ వెళ్తున్నది నీటి మీద గానీ, అడుగున ఒక లోయ ఉంది. చుట్టూ కొండలు, ఒక పక్క కృష్ణ. సాగర్ డ్యామ్‌కి 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశాడు. లోయ మునిగిపోతుందని తెలిసి 1954 నుంచి 1960 దాకా ఆదరాబాదరాగా తవ్వారు. పాతరాతి యుగపు పనిముట్లు మొదలుకుని ఇక్ష్వాకుల రాజధాని విజయపురి దాకా, ఆ తర్వాతివి కూడా, ఒక్క లోయలోనే అన్ని కాలాలూ దొరికాయి. కొత్తరాతి యుగంవాళ్ళ గుంతలు, గుంజలు పాతిన గుర్తులు, సమాధులు. వాళ్ళ తర్వాత పెద్ద రాళ్ళు పేర్చి సమాధులు కట్టినవాళ్ళు. ఆ పైన విహారాలు, స్నానఘట్టాలు. కొండ మీదికి కొన్నిటిని రాయి రాయిగా మోసుకొచ్చి మళ్ళీ కట్టారు. మిగతాదంతా లాంచీ కింద ఉంది.

మ్యూజియంలో పిల్లలు విగ్రహాల దగ్గర సెల్ఫీలు దిగుతుంటే మావయ్య రాతి గొడ్డళ్ళ దగ్గర ఆగిపోయాడు. నున్నగా సానపట్టిన నల్లరాయి, అరచేతిలో పట్టేంత. "దీనికి కర్ర కట్టి చెట్లు కొట్టి చేను చేశారంటావా?" అన్నాడు. కాసేపు చూసి, "మా నాన్న గొడ్డలి అంచు ఇట్టాగే ఉండేది. ఇనప్ది, అంతే తేడా" అన్నాడు. తర్వాత మునిగిపోయిన లోయకి చేసిన నమూనా దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. వేలు పెట్టి ఏరు ఎటు నుంచి వస్తుందో చూసి, ఏది పల్లమో ఏది మెరకో లెక్కేసి, "చేలు ఇక్కడ వేసుంటారు, గొడ్లని ఆ కొండవార మేపుంటారు" అని తేల్చేశాడు. నేను కాదనలేదు. నేలని చూసి చెప్పడంలో ఆయన నాకంటే ఎంతో ముందున్నాడు.

బయట చెట్టు కింద కూర్చుని పులిహోర తిన్నాం. 1967 ఆగస్టులో సాగర్ కాలువలకి నీళ్ళు వదిలినప్పుడు ఆయన చిన్నపిల్లాడట, ఊరంతా కాలువ గట్టుకి పసుపు కుంకుమలు పట్టుకెళ్ళారట. ఆయన మిరప బతికేది ఆ కుడి కాలువ నీళ్ళతోనే. అన్ని కాలాల రైతుల ఊళ్ళు మునిగితే మా మావయ్య పొలం తడిసింది. ఈ మాట అనకుండా ఉండాల్సింది, అనేశాను. ఆయన పొట్లం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"తడిసింది కాబట్టేరా జొన్న మానేసి మిరప వేశాం. ఇప్పుడు కాలువ రాని ఏడాది గంప ఎత్తాల్సిందే. అప్పు ఉండగా ఎత్తటం కూడా కుదరదు."

తిరుగు లాంచీలో ఆయన మాట్లాడలేదు. ఒడ్డు దగ్గర పడ్డాక కిందికి, నీళ్ళలోకి చూస్తూ అన్నాడు:

"వచ్చే ఏడు ఓ ఎకరం ఉలవ చల్లుతా."

"ఎవరికి మావయ్యా? ఎద్దులు లేవుగా."

"మీ బెజవాడ హోటళ్ళకి" అని లాంచీ పూర్తిగా ఆగకముందే దిగేశాడు.